గడ్డి మీద బతికిన మనుషులు: స్టెప్పీ కథ, శకుల నుంచి సైగాల దాకా

ఉగాదికి కొన్న పంచాంగం తెరిస్తే మొదటి పేజీల్లోనే శాలివాహన శకం ఎన్నో ఏడో వేసి ఉంటుంది. 2025 ఉగాదికి వచ్చిన విశ్వావసు ఆ లెక్కలో 1947. పాత తెలుగు శాసనాలు కూడా చాలావరకు 'శకవర్షంబులు' అని అంకె చెప్పాకే దానమిచ్చిన రాజు సంగతి ఎత్తుకుంటాయి. శకం అంటే మనకిప్పుడు కాలం, యుగం. అసలు మాట మాత్రం ఒక జనం పేరు. హైదరాబాద్‌కి దాదాపు మూడు వేల కిలోమీటర్ల ఉత్తరాన, ఇప్పటి కజకిస్తాన్, కిర్గిజిస్తాన్ ప్రాంతాల్లో గుర్రాలూ గొర్రెలూ మేపుకుని బతికిన శకులు వాళ్లు.

తమాషా ఏంటంటే, ఆ శకుల్ని మట్టుపెట్టినవాడని గౌతమీపుత్ర శాతకర్ణిని ఆయన తల్లి గౌతమీ బాలశ్రీ నాసిక్ శాసనంలో పొగిడింది. శాలివాహనుడంటే శాతవాహనుడేనని మన వాడుక. అలా గెలిచినవాడి పేరూ ఓడినవాడి పేరూ జంటగా మన గోడ మీది క్యాలెండర్‌లో వేలాడుతున్నాయి.

గోదావరి పుట్టే చోటి దాకా ఆ గుర్రపువాళ్లు ఎందుకొచ్చారు? 'దండయాత్రలు చేసిన అనాగరిక తెగలు' అని స్కూల్లో చదువుకున్న ఒక్క ముక్కతో ఇది తేలదు. ముందు ఆ నేల సంగతి చూడాలి. అంతకంటే ముందు గడ్డి సంగతి.

చెట్టుకు చాలని తడి

దాన్యూబ్ నది నల్లసముద్రంలో కలిసే చోటి నుంచి తూర్పుకు బయల్దేరితే ఉక్రెయిన్, దక్షిణ రష్యా, కజకిస్తాన్, మంగోలియా మీదుగా చైనాలోని మంచూరియా దాకా సుమారు 8,000 కి.మీ. పొడుగున ఒక గడ్డి పట్టీ ఉంది. మధ్యలో అల్తాయ్ కొండల దగ్గర సన్నబడుతుంది, అంతే. దానికి ఉత్తరాన సైబీరియా అడవి. దక్షిణాన కారకుం, కిజిల్‌కుం, గోబీ ఎడారులు. అడవికీ ఎడారికీ మధ్య ఇరుక్కున్న ఈ పట్టీయే స్టెప్పీ.

అక్కడ అడవి ఎందుకు లేదంటే, సముద్రం మరీ దూరం కాబట్టి. భూమ్మీద సముద్రానికి అన్నిటికంటే దూరంగా ఉన్న చోటు షింజియాంగ్‌లో జుంగారియా ఎడారి దగ్గరుంది. అక్కణ్ణుంచి ఏ తీరానికి వెళ్లాలన్నా 2,600 కి.మీ. పైనే. అట్లాంటిక్ మీద పుట్టిన మేఘం ఇంత దూరం వచ్చేసరికి దాని జేబులో ఏమీ మిగలదు. మన వైపు నుంచి వెళ్లే రుతుపవనాల తడిని హిమాలయాలూ టిబెట్ పీఠభూమీ ఆపేస్తాయి. అస్తానాలో ఏడాదంతా పడేది 300 మి.మీ. పైచిలుకు. కరువుకు మారుపేరుగా చెప్పుకునే మన అనంతపురంలోనే దాదాపు 550 మి.మీ. పడుతుంది. పైగా అక్కడ చలికాలంలో మైనస్ 30, ఎండాకాలంలో 35 డిగ్రీలు రెండూ మామూలే. ఇంత తక్కువ తడితో చెట్టు నిలబడదు. గడ్డి మాత్రం దర్జాగా బతుకుతుంది, ఎందుకంటే దాని సంసారమంతా నేల కిందే. పైన మోకాలెత్తు కనిపించే ఈకగడ్డికి వేర్లు చాలా లోతుకు దిగుతాయి. మంటొచ్చినా, మంద మేసినా, మంచు కప్పినా పైది పోతుంది, కింద ఉన్నది మళ్లీ లేస్తుంది.

వేల ఏళ్లుగా ఆ వేర్లు చచ్చి, కుళ్లి, చలికి పూర్తిగా కరగక నల్లటి మట్టిగా పేరుకున్నాయి. రష్యన్లు దాన్ని చెర్నోజెమ్ అంటారు, నల్లమట్టి అనే అర్థం. మన నల్లరేగడి చూసి పెరిగినవాళ్లకు ఫొటోలో రెండూ ఒకటే అనిపిస్తాయి గానీ పుట్టుక వేరు. మన రేగడి చాలావరకు లావా రాయి చివికి తయారైంది. వాళ్లది గడ్డి కష్టార్జితం. కొన్ని చోట్ల మీటరు లోతు పైనే ఉంటుంది. ఈ నల్లమట్టే ఇరవయ్యో శతాబ్దంలో స్టెప్పీ మీదికి నాగళ్లను తెచ్చింది, ఆ గొడవ కిందికి వస్తుంది.

విస్తీర్ణం ఒక్కసారి ఊహించుకోవడానికి: కజకిస్తాన్ 27 లక్షల చదరపు కిలోమీటర్లు. రెండు తెలుగు రాష్ట్రాలూ కలిపితే అందులో పదో వంతు. జనాభా మాత్రం అక్కడ రెండు కోట్లు, ఇక్కడ 2011 లెక్కల్లోనే ఎనిమిదిన్నర కోట్ల దగ్గర. ఈ అంకెలు చూడగానే ఎవరికైనా నోటికొచ్చే మాట 'ఖాళీ'. స్టెప్పీ చరిత్రలో సగం కష్టాలు ఆ ఒక్క మాట నుంచే పుట్టాయని నా అభిప్రాయం.

గడ్డిని పాలు చేసే విద్య

మనిషి గడ్డి తిని అరిగించుకోలేడు. గొర్రె, గుర్రం, ఒంటె, ఆవు అరిగించుకుంటాయి. కాబట్టి స్టెప్పీలో బతకాలంటే గడ్డికీ మనిషికీ మధ్య ఒక జంతువు ఉండాలి. ఇక్కడిదాకా సులువే. చిక్కెక్కడంటే, ఇంత తక్కువ వాన పడే చోట ఒక మంద ఒకే చోట నెల్లాళ్లు మేస్తే గడ్డి మొదలంటా పోతుంది. అందుకని కదలాలి. ఊరికే కదిలితే సరిపోదు, గడ్డి ఎప్పుడెక్కడ సిద్ధంగా ఉంటుందో తెలిసి కదలాలి.

సంచార జాతులు అనగానే దిక్కూ మొక్కూ లేకుండా తిరిగే దేశదిమ్మరులు అనుకుంటాం. కజక్ కుటుంబానికి ఏడాదికి నాలుగు చిరునామాలుండేవి. చలికాలపు చోటు కిస్తావ్, వసంతానికి కొక్‌తెవ్, ఎండాకాలానికి జైలావ్, ఆకురాలే కాలానికి కుజ్‌దెవ్. ఏ దారిన వెళ్లాలో, ఏ బావి దగ్గర ఆగాలో, ఎవరి తర్వాత ఎవరు నీళ్లు పట్టుకోవాలో తాతలనాటి నుంచీ కట్టుబాట్లున్నాయి. కొన్ని తెగలు ఎండాకాలానికి ఉత్తరానికీ, చలికాలానికి దక్షిణానికీ వెయ్యి కిలోమీటర్ల దాకా నడిచేవి. పాలమూరు వైపు నుంచి మందల్ని తోలుకుని కృష్ణ ఒడ్డుకీ నల్లమలకీ వెళ్లే గొర్రెలకాపరుల్ని ఎరిగినవాళ్లకు ఇదేమీ వింత కాదు. దూరం ఎక్కువ, చలి ఎక్కువ, అంతే తేడా.

చలికాలపు మేత పద్ధతి చూస్తే ఆ లెక్క ఎంత పకడ్బందీగా ఉండేదో తెలుస్తుంది. నేలంతా మంచు కప్పుకుని ఉంటుంది. ముందు గుర్రాల్ని వదులుతారు. గుర్రం గిట్టతో మంచును గీరి, కింద ఎండిన గడ్డి పైపైన కొరికి ముందుకెళ్తుంది. దాని వెనక ఆవులు, ఆఖరున గొర్రెలు. గొర్రె కాలికి గట్టి మంచు పగలదు, కానీ గుర్రం తీసిన గుంటలో మిగిలిన గడ్డి దానికి చాలు. ఆవు మంచు తవ్వలేదు, చలికి ఆగలేదు. కాబట్టి పాత స్టెప్పీ మందల్లో ఆవులు తక్కువ, గొర్రెలూ గుర్రాలూ ఎక్కువ. ఎవరి దగ్గర ఎన్ని గుర్రాలున్నాయన్నది ఒక్క డాబు విషయమే కాదు, గొర్రెలు చలికాలం దాటతాయా లేదా అన్నది కూడా దాని మీదే ఆధారపడేది.

ఇంత చేసినా ఒక్కోసారి దెబ్బ తప్పదు. మధ్యలో ఒకరోజు ఎండ కాసి మంచు కరిగి, రాత్రికి మళ్లీ గడ్డకడితే గడ్డి మీద గాజు పలకలా ఐసు పరుచుకుంటుంది. గుర్రం గిట్ట కూడా దాన్ని పగలగొట్టలేదు. మంద నిలబడ్డ చోటే ఆకలికి చస్తుంది. కజక్‌లు దీన్ని జుట్ అంటారు, మంగోలులు జుడ్ అంటారు. 2009-10 చలికాలంలో మంగోలియాలో ఇలాంటి ఒక్క జుడ్‌కి 80 లక్షలకు పైగా పశువులు పోయాయి. ఇన్సూరెన్స్ లేని కాలంలో మరి ఆసరా ఏంటంటే, చుట్టాలు. కజక్ పిల్లవాడు ఏడు తరాల తాతల పేర్లు అప్పజెప్పాలి, ఆ ఏడు తరాల లోపల పెళ్లి కుదరదు. మన సగోత్రం పట్టింపు లాంటిదే. మేనరికం సంగతి చెబితే మాత్రం వాళ్లు నోరెళ్లబెడతారు! ఏడు తరాలకు అవతల సంబంధం కలుపుకుంటే చుట్టరికం దూర దూరాలకు పాకుతుంది. ఒక లోయలో జుట్ వచ్చి మంద పోయినా, పక్క లోయలో వియ్యంకుడు నాలుగు గొర్రెలిస్తాడు.

ఇల్లు కూడా కదలాలి. దాని కజక్ పేరు కీయిజ్ ఉయ్, ఉన్ని ఇల్లు అని. బయటివాళ్లు యుర్త్ అంటారు. మడతపడే చెక్క అల్లిక గోడ, పైన పొగ పోయే గుండ్రటి చట్రం, అన్నిటి మీదా ఉన్ని దుప్పట్లు. ఆ దుప్పటి మన కురుమల గొంగడిలా నేసింది కాదు. ఉన్నిని పరిచి, వేడినీళ్లు చల్లి, చుట్టగా చుట్టి తొక్కుతూ దొర్లిస్తారు. పోగులన్నీ ఒకదాన్నొకటి పట్టుకుని గట్టిపడతాయి. మగ్గం మోసుకు తిరిగే పని లేదు. గంటా రెండు గంటల్లో ఇల్లు విప్పి ఒంటె మీద వెయ్యొచ్చు. ఆ పైకప్పు చట్రాన్ని షానిరాక్ అంటారు, ఇప్పటి కజకిస్తాన్ ప్రభుత్వ చిహ్నం మధ్యలో ఉన్నది అదే.

తిండీ అంతే. గుర్రం పాలు పులియబెట్టి కుమిస్. పుల్లపెరుగు గట్టిగా పిండి, ఉప్పేసి, ఉండలు చేసి ఎండబెడితే కుర్త్. తెల్లగా, రాయిలా ఉంటుంది, నెలల తరబడి పాడవదు, జేబులో వేసుకుని బయల్దేరొచ్చు. ఈ కుర్త్‌ని గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తుంది.

గుర్రం ఎవరిది?

ఉత్తర కజకిస్తాన్‌లో బొతాయ్ అనే చోట క్రీ.పూ. 3500 నాటి ఊరు బయటపడింది. తవ్విన ఎముకల్లో దాదాపు అన్నీ గుర్రాలవే. కుండ పెంకుల్లో గుర్రం పాల ఆనవాళ్లు, పళ్ల మీద కళ్లెం అరుగుడు కనిపించాయని 2009లో ప్రకటించారు. ఇంకేం, గుర్రం మొదట మచ్చికైంది ఇక్కడేనని అందరూ అనేసుకున్నారు. 2018లో డీఎన్ఏ వచ్చి కథ తిప్పేసింది. బొతాయ్ గుర్రాలు ఇప్పటి మన గుర్రాలకు పూర్వీకులు కావు. మంగోలియాలో 'అడవి గుర్రం' అని కాపాడుకుంటున్న ప్రెజ్‌వాల్‌స్కీ గుర్రాలకు పూర్వీకులు. ఇప్పుడు లోకంలో ఉన్న పెంపుడు గుర్రాల మూలం వోల్గా, డాన్ నదుల మధ్య స్టెప్పీ అని, అవి క్రీ.పూ. 2000 ప్రాంతంలో చాలా వేగంగా నలుమూలలకూ పాకాయని 2021లో తేల్చారు. అదే కాలానికి ఉరల్ కొండల దక్షిణాన సింతాష్తా సమాధుల్లో ఆకుల చక్రాల రథాలు దొరికాయి. రథం అనే మాట ఋగ్వేదంలో ఎన్నిసార్లు వస్తుందో తెలిసినవాళ్లకు ఈ తవ్వకాల మీద మన దేశంలో అంత వేడి చర్చ ఎందుకో వేరే చెప్పక్కర్లేదు.

గుర్రం ఎక్కాక స్టెప్పీ చిన్నదైపోయింది. నడిచి కాసేవాడికంటే గుర్రమెక్కి కాసేవాడు ఎన్నో రెట్లు పెద్ద మందను చూసుకోగలడు. అదే గుర్రం, అదే విల్లు యుద్ధానికీ పనికొస్తాయి. వేట రోజూ చేసే ఊళ్లో సైన్యానికి వేరే ట్రైనింగ్ ఏముంటుంది? క్రీ.పూ. 513 ప్రాంతంలో పర్షియా చక్రవర్తి డేరియస్ పెద్ద సైన్యంతో, నల్లసముద్రానికి ఉత్తరాన గుర్రాల మీద బతికిన సిథియన్ల మీదికి వెళ్లాడు. వాళ్లు పోరాడకుండా వెనక్కి వెనక్కి పోయారు. ఎందుకు పారిపోతున్నారని కబురు పెడితే, మాకు కాపాడుకోవాల్సిన ఊళ్లూ లేవు, పొలాలూ లేవు, కావాలంటే మా తాతల సమాధులు వెతికి ముట్టుకో, అప్పుడు చూద్దాం అని వాళ్ల రాజు జవాబిచ్చాడని హెరోడోటస్ రాశాడు. డేరియస్ చేసేది లేక వెనుదిరిగాడు.

తోపులాట నాసిక్ దాకా

రద్దీ బస్సులో వెనకాల ఎవడో తోస్తే మధ్యలోవాడు ముందువాడి మీద పడతాడు. ముందువాడు తిట్టేది మధ్యవాణ్ణి. స్టెప్పీ చరిత్రలో ఇది మళ్లీ మళ్లీ జరిగింది. శకుల కథ దీనికి తేటతెల్లమైన ఉదాహరణ.

క్రీ.పూ. 209 ప్రాంతంలో మంగోలియా వైపు షియోంగ్నులకు మోడు అనే నాయకుడు వచ్చాడు. చెదిరి ఉన్న తెగల్ని ఒక్క తాటి మీదికి తెచ్చాడు. వాళ్లకు పడమర పక్కన, ఇప్పటి చైనాలోని గాన్సు దగ్గర, యూచీలు ఉండేవాళ్లు. క్రీ.పూ. 176 నాటికి షియోంగ్నులు వాళ్లని చావగొట్టారు. యూచీలు పడమరకు పారిపోయి ఇలి నది లోయలో పడ్డారు. అక్కడున్నది శకులు. శకులు దక్షిణానికి జరగాల్సి వచ్చింది. కొంతకాలానికి వూసున్ అనేవాళ్లు వచ్చి యూచీలనూ అక్కణ్ణుంచి తరిమారు, వాళ్లు బాక్ట్రియాకి, అంటే ఇప్పటి ఉత్తర అఫ్గానిస్తాన్ వైపుకి, దిగారు. తర్వాత మనం కుషాణులని చదువుకున్నది ఆ యూచీల్లో ఒక శాఖనే.

శకులు ఇరాన్ తూర్పు అంచుకి చేరి, ఆ ప్రాంతానికి శకస్తాన్ అని పేరు తెచ్చారు, అదే ఇప్పటి సీస్తాన్. అక్కణ్ణుంచి సింధు, గుజరాత్, మాళవ. పశ్చిమ క్షత్రపులన్న పేరుతో రాజ్యమేలారు. వాళ్లలో నహపాణుడికీ మన గౌతమీపుత్రుడికీ తగాదా. గెలిచిన శాతకర్ణి చేసిన పని నాకు భలే నచ్చుతుంది: నహపాణుడి వెండి నాణేల్ని కరిగించకుండా, వాటి మీదే తన ముద్ర కొట్టించాడు. నాసిక్ దగ్గర జోగల్‌తెంబిలో 1906లో దొరికిన 13,000 పైచిలుకు నాణేల్లో ఎక్కువ భాగం అలాంటివే. కింద నహపాణుడి ముక్కు ఇంకా కనిపిస్తూ ఉంటుంది.

ఆ తర్వాత శక రాజు రుద్రదాముడు శాతకర్ణుల్ని రెండుసార్లు ఓడించానని జునాగఢ్‌లో చెక్కించుకున్నాడు. పెళ్లి సంబంధాలూ కలిశాయి. నాగార్జునకొండలో పొడుగు కోటు, కోసు టోపీ వేసుకున్న శక సైనికుడి శిల్పం ఉంది. పల్నాడు ఎండలో ఆ కోటుతో ఆయన ఎలా నిలబడ్డాడో గానీ, నిలబడ్డాడు. చైనా సరిహద్దులో మొదలైన తోపుకి కృష్ణా లోయలో కనబడే చివరి ఆనవాళ్లలో అదొకటి.

ఇక్కడే ఒక పెద్ద అపోహ తీసేయాలి. సిథియన్లు, హూణులు, తుర్కులు, మంగోలులు అని వరసగా పేర్లు చదివితే ఒక జాతి అంతరించి ఇంకొకటి ఆకాశం నుంచి ఊడిపడినట్టుంటుంది. ఈ పేర్లు చాలావరకు కూటముల పేర్లు. ఏ తెగ నాయకత్వం పైకొస్తే మిగతా తెగలు కూడా ఆ పేరు కిందికి వస్తాయి. నాయకత్వం పడిపోతే అదే జనం, అదే మంద, ఇంకో పేరు. మన ఎన్నికల పొత్తుల్లా అనుకోండి. 552లో తుర్కుల ఖగానేట్, అంటే ఖగాన్ ఏలే రాజ్యం, ఏర్పడ్డాక ఎంతోమంది తుర్కులయ్యారు. 1206లో చెంఘిజ్ ఖాన్ పైకొచ్చాక ఆయన చేతిలో ఓడినవాళ్లూ మంగోలులయ్యారు. కజక్ అనే పేరే తీసుకోండి. స్వేచ్ఛగా విడిపోయి తిరిగేవాడు అనే అర్థమున్న తుర్కిక్ మాట అది. 1465 ప్రాంతంలో కెరెయ్, జానిబెక్ అనే ఇద్దరు సుల్తాన్లు తమ ఖాన్‌తో చెడి, జనంతో విడిపోయారు. విడిపోయినవాళ్లు కజక్‌లయ్యారు. రష్యన్ల కొసాక్ కూడా అదే మాట నుంచి వచ్చింది.

వీళ్లు లాక్కునేవాళ్లు, రైతులు కష్టపడేవాళ్లు అన్న లెక్క కూడా సగమే నిజం. చైనాకు మంచి గుర్రాలు పుట్టవు, స్టెప్పీలో పట్టు పుట్టదు. టాంగ్ రాజుల కాలంలో ఉయిఘూర్లు ఒక్కో గుర్రానికి 40 తానుల పట్టు తీసుకున్నారు. వ్యాపారం సాగినప్పుడు సంత, ఆగినప్పుడు దాడి. చెంఘిజ్ ఖాన్ విజయాల వెనక ఆయన తెలివితో పాటు వాన కూడా ఉంది. మంగోలియా చెట్ల వలయాలు లెక్కపెట్టినవాళ్లు 1211 నుంచి 1225 దాకా అక్కడ వరసగా మంచి వానలు పడ్డాయని 2014లో చెప్పారు. ఒక్కో రౌతు వెంట నాలుగైదు గుర్రాలుండే సైన్యానికి అంతకంటే ఏం కావాలి?

కంచె పడింది

తుపాకీ, ఫిరంగి బాగుపడ్డాక గుర్రపు విల్లుకాడి రోజులు చెల్లాయి. పడమటి నుంచి రష్యా కోటలు కట్టుకుంటూ వచ్చింది: 1716లో ఓమ్స్క్, 1743లో ఓరెన్‌బుర్గ్, 1854లో ఇప్పటి అల్మాతీ. తూర్పు నుంచి చైనా ఛింగ్ రాజులు 1755-58లో జుంగార్లనే పడమటి మంగోలులను యుద్ధంతో, దానికి తోడైన మశూచితో దాదాపు తుడిచిపెట్టారు. మధ్యలో చిక్కుకున్న కజక్‌లలో చిన్న జూజ్ (కజక్‌ల మూడు పెద్ద తెగల కూటముల్లో ఒకటి) ఖాన్ అబుల్ ఖైర్ 1731లోనే రష్యా రాణికి విధేయత చెప్పుకున్నాడు. జుంగార్ల దెబ్బకు 1723లో కాళ్లు బొబ్బలెక్కేలా పారిపోయిన జ్ఞాపకం అప్పటికి ఇంకా పచ్చిగానే ఉంది మరి.

ఆ తర్వాత వచ్చింది రైతులు. 'ఖాళీ'గా ఉన్న నేల కదా అని రష్యా ప్రభుత్వం పది లక్షలకు పైగా మందిని ఇరవయ్యేళ్లలో తెచ్చి దించింది. వాళ్లకిచ్చింది నది ఒడ్డు నల్లమట్టి, అంటే కజక్‌ల చలికాలపు చోట్లు. నాలుగు చిరునామాల్లో ఒక్కటి పోతే మిగతా మూడూ ఉన్నా లాభం లేదు. చలికాలం గడవదు.

అసలు విపత్తు 1930లో మొదలైంది. ఊళ్లూ మందలూ అన్నీ సామూహిక క్షేత్రాలు కావాలని స్టాలిన్ ప్రభుత్వం పట్టుబట్టింది. కజకిస్తాన్‌లో పార్టీ పెద్ద గోలోష్చొకిన్ ఇంకో అడుగు ముందుకేసి, సంచారం మాన్పించి అందర్నీ ఒక చోట కూర్చోబెట్టమన్నాడు. గుడారాల్ని వరసల్లో పాతించి ఊరు అన్నారు. ఆ ఊరికి నీళ్లున్నాయా, పశువులకు గడ్డి కోసిపెట్టారా అని చూసినవాళ్లు లేరు. లాక్కొచ్చిన మందల్ని వందలకొద్దీ ఒక దొడ్లో పెడితే అవి చుట్టూ గడ్డి ఖాళీ చేసి చచ్చాయి. విత్తనం ఎరగని కాపరి కూడా ధాన్యం కోటా కట్టాలి. కట్టడానికి గొర్రెలు అమ్మి ధాన్యం కొన్నాడు. మాంసం కోటా వేరే. మూడేళ్లలో పదింట తొమ్మిది వంతుల పశువులు పోయాయి. గడ్డికీ మనిషికీ మధ్య ఉండాల్సిన జంతువు లేకుండా పోయింది.

1933 దాకా సాగిన ఆ కరువులో సుమారు 15 లక్షల మంది పోయారు. అందులో 13 లక్షల దాకా కజక్‌లే, మొత్తం కజక్ జనంలో మూడో వంతుకు పైగా. లక్షల మంది చైనాకూ చుట్టుపక్కల రిపబ్లిక్‌లకూ పారిపోయారు. ఉక్రెయిన్ కరువు గురించి లోకానికి తెలిసినంతగా దీని గురించి తెలియదు. కజక్‌లు దాన్ని అషర్షిలిక్ అంటారు, ఆకలి అని. సోవియట్ కాలమంతా ఇళ్లలో గుసగుసగా చెప్పుకున్న మాట అది. ఇప్పుడు మే 31న ప్రభుత్వమే సంస్మరణ దినం జరుపుతుంది. 1959 జనాభా లెక్కల నాటికి కజకిస్తాన్‌లో కజక్‌లు 30 శాతమే.

మిగతావాళ్లెవరంటే, రష్యన్ వలసదారులతో పాటు తెచ్చి పడేసినవాళ్లు. 1937లో తూర్పు తీరం నుంచి కొరియన్లు, 1941లో వోల్గా జర్మన్లు, 1944లో చెచెన్లు. రైలు పెట్టెల్లో తెచ్చి, చలికాలంలో 'ఖాళీ' స్టెప్పీలో దించారు. అస్తానాకి పడమర అక్మోల్ అనే ఊరి దగ్గర 1938లో ఒక ప్రత్యేక జైలు క్యాంపు పెట్టారు. దేశద్రోహులని ముద్రవేసినవాళ్ల భార్యల కోసం! ఆ చోట ఇప్పుడు మ్యూజియం ఉంది. అక్కడ చెప్పుకునే సంగతి ఒకటుంది. గడ్డకట్టిన చెరువులో రెల్లు కోస్తున్న ఖైదీ ఆడవాళ్ల మీదికి ఒకరోజు కజక్ ముసలివాళ్లూ పిల్లలూ తెల్లటి రాళ్లు విసిరారు. చూశారా, ఇక్కడివాళ్లకు కూడా మీరంటే పడదు అని కాపలావాళ్లు నవ్వారు. ఒకావిడ ఆ రాళ్ల మీద పడిపోయింది. ముక్కుకు పాల వాసన తగిలింది. అవి కుర్త్ ఉండలు.

నాగలి, బాంబు, రాకెట్

1954లో సోవియట్ నాయకుడు క్రుశ్చేవ్ ఈ నల్లమట్టిని దున్నితే దేశానికి రొట్టె కరువు తీరుతుందన్నాడు. లక్షల మంది కుర్రాళ్లు ఉత్సాహంగా రైలెక్కారు. 1960 కల్లా మొత్తం మీద 4 కోట్ల హెక్టార్లకు పైగా కొత్తగా దున్నారు, అందులో రెండున్నర కోట్లు కజకిస్తాన్‌లో. 1956లో పంట ఇరగకాసింది. గడ్డి వేర్లు పట్టుకుని ఉంచిన మట్టిని నాగలి తిరగేసింది కదా, ఆ తర్వాతి వాన లేని ఏళ్లలో గాలి ఆ మట్టిని లేపుకుపోయింది. పట్టపగలు లైట్లు వేసుకోవాల్సినంత దుమ్ము. 1963లో పంట పోయి, సోవియట్ దేశం గోధుమలు విదేశాల్లో కొనుక్కుంది. షోర్తాండీలో పనిచేసిన శాస్త్రవేత్త బరాయెవ్ మట్టిని తిరగెయ్యొద్దు, కోసిన మోళ్లను అలాగే నిలబెట్టండి, అవి మంచును ఆపుతాయి, మంచే మనకు తడి అని పోరాడి ఒప్పించాడు. అంత మాట అర్థం కావడానికి అంత మట్టి పోవాల్సి వచ్చింది.

ఆ హడావుడిలో అక్మొలిన్‌స్క్ అనే ఊరు 1961లో త్సెలినోగ్రాద్ అయింది, బీడు భూముల నగరం అని. 1992లో అక్మోలా అయింది. 1997లో రాజధాని అక్కడికి మారి, మరుసటి ఏడు అస్తానా, 2019లో నూర్‌సుల్తాన్, 2022లో మళ్లీ అస్తానా. అక్కడి పోస్ట్‌మ్యాన్ల మీద నాకు జాలి.

తూర్పున, కజక్ మహాకవి అబాయ్ పుట్టిన ప్రాంతం పక్కనే, మనుషుల్లేని చోటని చెప్పి అణుబాంబుల పరీక్షలకు నేల ఎంచుకున్నారు. 1949 నుంచి 1989 దాకా 456 పేలుళ్లు. చుట్టూ ఊళ్లున్నాయి, మందలున్నాయి. కవి ఒల్జాస్ సులేమెనోవ్ మొదలుపెట్టిన ఉద్యమం ఫలితంగా 1991 ఆగస్టు 29న దాన్ని మూసేశారు. మన పిల్లలు కొందరు మెడిసిన్ చదవడానికి వెళ్లే సెమేయ్ ఊరి పాత పేరు సెమిపలాతిన్‌స్క్, ఆ పరీక్షా కేంద్రానికి ఆ పేరే. ఇక బైకొనూర్ రాకెట్ కేంద్రం ఎడారి అంచున ఉంది. అసలు బైకొనూర్ అనే ఊరు అక్కడికి మూడొందల కిలోమీటర్ల పైన ఎక్కడో ఉంది, అమెరికన్లను తికమక పెట్టడానికి ఆ పేరు వాడారు. హైదరాబాద్ నిజాం కాలేజీలో చదివిన రాకేశ్ శర్మ 1984 ఏప్రిల్ 3న అంతరిక్షానికి బయల్దేరింది అక్కడి నుంచే, తిరిగొచ్చి దిగిందీ కజక్ నేల మీదే.

సైగాలు

సోవియట్ యూనియన్ కూలాక కజకిస్తాన్‌లో కోటి హెక్టార్లకు పైగా పొలాలు వదిలేశారు. డీజిల్‌కు డబ్బుల్లేక వదిలేసినవే, ప్రకృతి మీద ప్రేమతో కాదు. ముందు కలుపు మొలిచింది, తర్వాత మాచిపత్రి జాతి మొక్కలు, ఏళ్లు గడిచాక ఈకగడ్డి. అదే కరువు రోజుల్లో జనం చేతికందిన ఇంకో సొమ్ము సైగా జింక. తొండం లాంటి వేలాడే ముక్కుతో వింతగా ఉంటుంది. ఎండాకాలపు దుమ్మును వడకట్టడానికీ, చలికాలపు గాలిని వెచ్చబరచడానికీ ఆ ముక్కు. దాని కొమ్ములకు చైనా మందుల బజారులో మంచి ధర. లక్షల్లో ఉన్న సైగాలు కజకిస్తాన్‌లో 2003 నాటికి 21,000 దగ్గరికి పడిపోయాయి. కాపలా పెంచితే మెల్లగా కోలుకున్నాయి. 2015 మేలో, సరిగ్గా ఈనే రోజుల్లో, మూడు వారాల్లో రెండు లక్షలకు పైగా సైగాలు ఒక్కసారిగా పడి చచ్చాయి. వాటి ఒంట్లో మామూలుగా ఉండే బాక్టీరియానే, ఆ ఏటి ఉక్క వాతావరణంలో విషమైంది. చాలామంది ఆశ వదిలేసుకున్నారు. అలాంటిది, 2023 లెక్కల్లో 19 లక్షలు తేలాయి! తీవ్రంగా అంతరించిపోతున్న జాబితా నుంచి వాటిని ఆ ఏడాది చివర కిందికి దించారు.

ఇప్పుడు పేచీ మారింది. పడమటి కజకిస్తాన్‌లో సైగా గుంపులు వేలకొద్దీ గోధుమ చేలలో పడుతున్నాయని, పశువుల నీటిగుంటలు ఖాళీ చేస్తున్నాయని రైతులు మొత్తుకుంటున్నారు. 2023లో కొన్నిటిని పట్టి తగ్గించడానికి ప్రభుత్వం ఒప్పుకుంది. ఎన్ని తగ్గించాలి, ఎలా తగ్గించాలన్న వాదం అక్కడ ఇంకా నడుస్తూనే ఉంది. సైగాలు మాత్రం పాత కాపరుల్లాగే ఎండలు ముదరగానే ఉత్తరానికి బయల్దేరతాయి, మంచు పడగానే దక్షిణానికి దిగుతాయి. దారిలో కొత్తగా రైలుపట్టాలొచ్చాయి, సరిహద్దు కంచెలొచ్చాయి. కంచె ఎదురైన చోట గుంపు ఆగి, దాని వెంబడే నడుస్తూ సందు కోసం వెతుక్కుంటుంది.